కణతల ఫిల్లర్, నాలుగు నెలల తలనొప్పి: నా అనుభవం

నాకు 52 ఏళ్లు. మాది కర్నూలు. ఊరికి దగ్గర్లోనే జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. షుగర్ ఉన్నట్టు 49వ ఏట తెలిసింది. మొదటి రెండేళ్లు పట్టించుకోలేదు. ఆ తర్వాత మూడు నెలల సగటు పరీక్షలో 9.8 వచ్చేసరికి గుండె జారిపోయింది. రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టెకు మారాను, పొద్దున్నే నడక మొదలుపెట్టాను. 71 కిలోల మనిషిని 58కి వచ్చాను. సగటు 6.7కి దిగింది. డాక్టరు సంతోషపడ్డారు. నా మొహం మాత్రం జబ్బుపడి లేచిన మనిషి మొహంలా తయారైంది. బుగ్గలు జారాయి. రెండు కణతలూ గుంటలు పడ్డాయి, వేలు ఆనిస్తే కొస మునిగేంతగా.

స్టాఫ్ రూములో అడుగుపెడితే చాలు, "ఏం మేడం, ఇంత చిక్కిపోయినారు? ఒంట్లో బాగుందా?" అని ఎవరో ఒకరు అడిగేవాళ్లు. ఒక గృహప్రవేశంలో మా పెద్దమ్మ కూతురు నా మొహం రెండు చేతులతో పట్టుకుని అందరి ముందూ కళ్లనీళ్లు పెట్టుకుంది. "నాకేం కాలేదక్కా, నేనే తగ్గినా" అంటే నమ్మలేదు. ఫిబ్రవరిలో మా అమ్మాయి పెళ్లి. నిశ్చితార్థం ఫోటోల్లో నా పక్కన మా ఆయన, వియ్యంకులు అందరూ నిండుగా ఉన్నారు. నేనొక్కదాన్నే పీక్కుపోయి ఉన్నాను. ఆ ఫోటో ఫోన్లో పెద్దది చేసి ఎన్నిసార్లు చూసుకున్నానో.

చెప్పడానికి ఇప్పటికీ నోరు పెగలదు గానీ, ఆ గుంటలు ఫిల్లర్‌తో, అంటే సూదితో లోపలికి ఎక్కించే జెల్ లాంటి మందుతో, పూడ్పించుకోవాలనుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చీటీ పాడిన డబ్బు నా దగ్గరే ఉంది. కర్నూల్లో అయితే ఎవరో ఒకరి కంట పడతాను. నా దగ్గర చదువుకున్న పిల్లలు ఏ ఆసుపత్రిలో చూసినా నర్సులుగానో, ల్యాబుల్లోనో ఉన్నారు. చెల్లెలి ఇంటికని చెప్పి జనవరి చివరి శనివారం హైదరాబాద్ బస్సెక్కాను.

అక్కడి క్లినిక్‌లో అరగంట పని కూడా కాదు. కణతకు ఒక మిల్లీలీటరు సిరంజి చొప్పున రెండు, మొత్తం 46 వేలు. కౌంటర్ దగ్గర నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. చదవకుండానే పెట్టాను. తలనొప్పులున్నాయా అని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. నాకు పద్దెనిమిదో ఏటి నుంచి ఒంటికణత నొప్పి ఉంది, నెలకు ఒకసారో రెండుసార్లో వచ్చి ఒక పూట పడుకోబెట్టి పోయేది. మొహానికి వేసే ఇంజెక్షన్‌కూ దానికీ సంబంధం ఉంటుందని తోచలేదు. సూది ఎముక తగిలేదాకా దిగింది. ఆ తగలడం తల లోపల వినబడింది. మందులోనే మత్తు కలిపి ఉంటుందట, అందుకని నొప్పి ఓర్చుకోలేనంత కాదు. అద్దం చూపించారు. గుంటలు లేవు. సంతోషంతో కళ్లు తిరిగినంత పనైంది.

జడ్చర్ల దాటాక బస్సులో తల బరువెక్కడం మొదలైంది. రెండు కణతల మీదా ఎవరో అరచేతులు పెట్టి నొక్కుతున్నట్టు. రాత్రి ఇల్లు చేరేసరికి తలుపు చప్పుడు కూడా భరించలేకపోయాను. పొద్దున ఆ క్లినిక్‌కు ఫోన్ చేస్తే, కణతల్లో వేసినప్పుడు రెండు మూడు రోజులు తలనొప్పి మామూలే, పారాసిటమాల్ వేసుకోండి అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. కణతల ఫిల్లర్ తర్వాత తలనొప్పి చాలామందికి వస్తుందనీ, ఎక్కువమందికి కొద్ది రోజుల్లోనే తగ్గిపోతుందనీ తర్వాత నాకు వైద్యం చేసినవాళ్లూ చెప్పారు. తగ్గకపోతే ఏం చేయాలో మాత్రం ఆ ఫోన్లో ఎవరూ చెప్పలేదు. రెండోసారి చేస్తే "ఒక్కొక్కరి ఒంటితత్వం" అన్నారు. మూడోసారి నేను చేయలేదు.

పెళ్లి జరిగింది. ఫోటోలు బాగా వచ్చాయి. తలంబ్రాలప్పుడు కూడా తలనొప్పితోనే ఉన్నాను.

పెళ్లి హడావిడి తగ్గాక ఇంకో సంగతి గమనించాను. జొన్నరొట్టె నములుతుంటే రెండు కణతలూ గుంజేవి. నాలుగు ముక్కలు తినేసరికి దవడ అలిసిపోయి ఆగాల్సి వచ్చేది. అన్నమైతే అంత తెలిసేది కాదు. అందుకని రొట్టెను పప్పులో నానబెట్టుకుని తినడం మొదలుపెట్టాను. తల దువ్వుకుంటే దువ్వెన తగిలినచోట సలుపు. సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి నొప్పి తలంతా పాకేది.

మా అత్తమ్మ, "ఎండకు పోయొస్తాంది, పెళ్లిలో అందరి కళ్లూ పడినాయి" అని ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. పడుకునేముందు కణతలకు అమృతాంజనం పట్టించి గట్టిగా నొక్కేది. ఆ ప్రేమను కాదనలేక కళ్లు మూసుకుని పడుకునేదాన్ని. ఫిల్లర్ వేసిన కొత్తలో ఆ చోట అట్లా నొక్కకూడదు, రుద్దకూడదు. ఆ సంగతి నాకు తెలిసినా, ఎందుకు వద్దంటున్నానో ఆమెకు ఏమని చెప్పేది?

మార్చిలో కంటి డాక్టరు దగ్గరికి పోతే అద్దాలు మార్చారు. చెవి ముక్కు గొంతు డాక్టరు సైనస్ ఎక్స్‌రే తీయించి బాగానే ఉందన్నారు. మామూలు ఫిజీషియన్ బీపీ చూసి, పాత ఒంటికణత నొప్పి సంగతి విని, అదే ఎక్కువైందని రెండు మూడు మందులు కలిసిన బిళ్లలు రాశారు. ముగ్గురూ "ఈమధ్య ఏమైనా వైద్యం, ఆపరేషన్ ఏమైనా జరిగిందా" అని అడిగారు. ముగ్గురికీ లేదనే చెప్పాను. ఒకచోట పక్కన మా ఆయన ఉన్నాడని చెప్పలేదు. ఇంకోచోట కాంపౌండర్ నా పాత విద్యార్థి. మూడోచోట ఎవరూ లేరు, అయినా చెప్పలేదు. రెండుసార్లు చెప్పిన అబద్ధం మూడోసారి దానంతటదే వచ్చేసింది.

ఆ బిళ్ల వేసుకుంటే మూడు నాలుగు గంటలు హాయిగా ఉండేది. చీటీ అయిపోయినా మందుల షాపులో అట్టముక్క చూపిస్తే ఇచ్చేవాళ్లు. ఏప్రిల్ వచ్చేసరికి కర్నూలు ఎండ ఎట్లుంటుందో తెలిసిందే కదా, తలనొప్పి అంటే ఎవరూ ఆశ్చర్యపోరు. నేనూ ఎండ మీదికే నెట్టేశాను. "ఏమ్మే, మళ్లీ వేసుకుంటాన్నావా?" అని మా ఆయన అడిగితే "పొద్దున్నుంచి ఇదే మొదటిది" అనేదాన్ని. మేలో నిద్ర లేస్తూనే తలనొప్పి.

సెలవులకు వచ్చిన మా అమ్మాయి నా మొహం చూసి భయపడి, నరాల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

ఆయన హడావిడి పడే మనిషి కాదు. వయసు అడిగారు. తలనొప్పి ఎప్పటినుంచి, పాత నొప్పికీ దీనికీ తేడా ఉందా అని అడిగారు. నమిలేటప్పుడు దవడ నొస్తుందా అని ఆయనే అడిగారు, నేను చెప్పకముందే. బరువు తగ్గారా అన్నారు. 13 కిలోలు తగ్గానని చెప్పాను. లేచివచ్చి రెండు కణతల మీదా వేళ్లు ఆనించి, రక్తనాళం కొట్టుకునే చోటు వెతికి మెల్లగా నొక్కారు. నేను తల వెనక్కి లాక్కున్నాను. ఆయన మొహంలో రంగు మారడం చూశాను.

రక్తపరీక్షలు అప్పటికప్పుడు చేయించారు. ఒంట్లో ఎక్కడైనా వాపు ఉందేమో తెలిపే ఈఎస్ఆర్ పరీక్షలో 42 వచ్చింది, నా వయసుకు ఉండాల్సినదానికంటే కొంచెం ఎక్కువ. అప్పుడు ఆయన విడమరిచి చెప్పారు. కణత పక్కగా తలమీదికి పోయే రక్తనాళం వాచే జబ్బు ఒకటుంది, దాదాపుగా 50 దాటినవాళ్లకే వస్తుంది. కొత్త తలనొప్పి, కణత ముట్టుకుంటే నొప్పి, నమిలితే దవడ అలిసిపోవడం, బరువు తగ్గడం దాని లక్షణాలు. ఆలస్యమైతే ఉన్నట్టుండి చూపు పోతుంది, పోయిన చూపు తిరిగి రాదు. అందుకని గట్టి అనుమానం ఉంటే నిర్ధారణ అయ్యేదాకా ఆగకుండా పెద్ద మోతాదులో స్టెరాయిడ్ మొదలుపెడతారు. తర్వాత కణత దగ్గర కోత పెట్టి రక్తనాళం ముక్క తీసి పరీక్షకు పంపుతారు. "మీకు షుగర్ ఉంది కాబట్టి అది బాగా పెరుగుతుంది, కొన్నాళ్లు ఇన్సులిన్ కావాల్సి రావచ్చు. కానీ కళ్లు కాపాడుకోవాలి కదమ్మా" అన్నారు.

అంత కష్టపడి దించుకున్న షుగర్. లేని జబ్బుకు నెలల తరబడి స్టెరాయిడ్, మొహం మీద కోత. ఆయన పెన్ను చీటీ మీద పెట్టారు. నా చేతులు చల్లబడ్డాయి. మా అమ్మాయిని చూసి, "కింద కార్లో నా సెల్లు మర్చిపోయినట్టున్నా, తెస్తావా" అన్నాను. తలుపు మూసుకున్నాక, "సార్, జనవరిలో ఈ రెండుచోట్లా ఫిల్లర్ వేయించుకున్నా" అని చెప్పేశాను. ఏడుపు ఆగలేదు.

ఆయన తిట్టలేదు. పెన్ను పక్కన పెట్టి, "ఏ ఫిల్లరు? ఎంత? చర్మం కిందా, కండ కిందా?" అన్నారు. ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. ఫిల్లర్ డబ్బాలో బ్యాచ్ నంబరున్న స్టిక్కర్లు వస్తాయి, ఒకటి కేసు కాగితానికి అంటించి ఇంకోటి మనకివ్వాలి. నాకు ఇవ్వలేదు. ఇవ్వాలని నాకు తెలియదు. క్లినిక్‌కు మూడుసార్లు ఫోన్ చేస్తే రెండు రోజులకు ఒక ఫోటో పంపారు. హైలురోనిక్ యాసిడ్, కణతకు ఒక మిల్లీలీటరు, ఎముక మీద.

నేను ఆ మాట చెప్పగానే జబ్బు అనుమానం ఎగిరిపోతుందనుకున్నాను. అట్లా కాదు. ఫిల్లర్ ఉన్నంత మాత్రాన ఆ జబ్బు ఉండకూడదని లేదు కదా అని, ఆరోజే కణతలకు డాప్లర్ స్కానింగ్‌కు పంపారు. ఆ జబ్బు ఉంటే రక్తనాళం గోడ ఉబ్బి, చుట్టూ నల్లటి వలయంలా కనిపిస్తుందట. నాకు అట్లాంటిదేమీ లేదు. గోడ పల్చగా ఉంది, రక్తం బాగా పారుతోంది. అయితే దానికి చాలా లోతున, కండకూ ఎముకకూ నడుమ, రెండువైపులా చిన్న నల్లటి మడుగులు. ఎడమవైపుది ఒకేచోట ముద్దగా ఉంది. స్కానింగ్ చేసిన డాక్టరమ్మ స్క్రీన్ మా వైపు తిప్పి, "ఇదేనమ్మా మీ ఫిల్లరు" అంది. మా అమ్మాయి నా పక్కనే నిలబడి ఉంది.

మెట్లు దిగేదాకా తను ఏమీ మాట్లాడలేదు. కారెక్కాక, "నా పెళ్లికోసమా అమ్మా?" అంది. ఔనని తలూపాను. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని చాలాసేపు అట్లనే కూర్చుంది.

నరాల డాక్టరు స్టెరాయిడ్ మొదలుపెట్టలేదు. చూపు మసకబారినా, ఒకటి రెండుగా కనిపించినా రాత్రీ పగలూ చూడకుండా వచ్చేయమని రెండుసార్లు చెప్పి, ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి పంపారు. కర్నూల్లోనే.

ఆ సర్జన్ గారు కాగితం మీద బొమ్మ వేసి చూపించారు. కణత గుంట ఖాళీ చోటు కాదు. దవడను పైకి లాగే కండ ఒకటి విసనకర్రలా అక్కడ పరుచుకుని ఉంటుంది. పళ్లు బిగిస్తే కణత దగ్గర కదిలేది అదే, మీరూ వేలు పెట్టి చూడొచ్చు. నా ఫిల్లరు ఆ కండ కింద చేరి, నమిలినప్పుడల్లా కండ దాని మీద ఒరుసుకుంటోంది. చాలామందికి అది సర్దుకుంటుంది, ఒకేచోట ముద్దకట్టడం వల్ల నాకు సర్దుకోలేదని ఆయన ఉద్దేశం.

ఆయన చెప్పిన ఇంకో మాట ఇక్కడ రాసి తీరాలి. ఫిల్లర్ వేస్తున్నప్పుడు గానీ, వేసిన కాసేపటికి గానీ ఉన్నట్టుండి భరించలేని తలనొప్పో కంటినొప్పో వచ్చి, ఒక కన్ను మసకబారడం, వాంతులు, మూతి వంకరపోవడం, వేసినచోట చర్మం తెల్లగా పాలిపోవడమో వలలాగా నీలి గీతలు రావడమో జరిగితే అది నాలాంటి తలనొప్పి కాదు. మందు రక్తనాళంలోకి పోయి ఉండొచ్చు. మొహంలోని రక్తనాళాలకూ కంటికి రక్తం తెచ్చే నాళానికీ లోపల్లోపల దారులున్నాయి. నుదుటి మధ్య, ముక్కు, కణతలు అందుకే ప్రమాదం ఎక్కువున్న చోట్లు. కంటి లోపలి పొర రక్తం లేకుండా గంట, గంటన్నర కంటే తట్టుకోలేదు. మర్నాడు చూద్దాం అనుకోకూడదు, ఆ కుర్చీలోంచి లేవకముందే చెప్పాలి. నేను బస్సెక్కి నాలుగైదు గంటలు ఒంటరిగా ప్రయాణం చేశాను. దారిలో అదే జరిగి ఉంటే ఎవరికి చెప్పేదాన్ని? ఎక్కడికి పోయానో కూడా ఇంట్లో తెలియదు.

హైలురోనిక్ యాసిడ్ ఫిల్లర్ అయితే కరిగించే మందు ఉంది, హైలురోనిడేజ్. అదేం కొత్తది కాదు. కంటి ఆపరేషన్లలో మత్తు మందు బాగా వ్యాపించడానికి కలుపుతూనే ఉంటారు. అందరికీ పడుతుందని లేదు. తేనెటీగ, కందిరీగ కుడితే ఎప్పుడైనా ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం జరిగిందా అని ముందు అడిగారు, ఎందుకంటే వాటి విషంలోనూ ఇలాంటిదే ఉంటుంది. పిల్లల్ని ఓర్వకల్లు రాతివనాలకు తీసుకెళ్లినప్పుడు ఒకసారి కందిరీగ కుట్టి చెయ్యి వాచింది, అంతకుమించి ఏమీ కాలేదు. అయినా ముంజేతిలో ఒక చుక్క వేసి అరగంట కూర్చోబెట్టి చూశాకే మొదలుపెట్టారు.

ఫిల్లర్ వేసినప్పటికంటే ఇది ఎక్కువ మండింది. ఈసారి నా చెయ్యి మా అమ్మాయి పట్టుకుని ఉంది. ఆ రాత్రి కణతలు ఉబ్బాయి. మూడోరోజుకు ఉబ్బు తీసి పాత గుంటలు మళ్లీ వచ్చాయి. ఐదోరోజో ఆరోరోజో రాత్రి, రొట్టె సగం తిన్నాక తెలిసింది, నానబెట్టుకోకుండానే తింటున్నానని. అక్కడే ఆపి ఇంకోసారి నమిలి చూశాను. గుంజలేదు.

పొద్దున లేస్తూనే వచ్చే తలనొప్పి మాత్రం పోలేదు. చాలా దిగులుపడ్డాను, ఇంత చేసినా ఇది పోలేదంటే ఇంకేదో ఉందని. నరాల డాక్టరు దగ్గరికి మళ్లీ పోతే బిళ్లల లెక్క అడిగారు. లెక్కల టీచరును, మందుల షాపు బిల్లులు, ఖాళీ అట్టలు ముందేసుకుని కూర్చుంటే ఏప్రిల్‌లో 24 రోజులు, మేలో 27 రోజులు తేలింది. కలిపి చేసిన బిళ్లలు నెలకు పది రోజులు దాటితే, వట్టి పారాసిటమాల్ లాంటివైతే పదిహేను రోజులు దాటితే, అట్లా నెలల తరబడి సాగితే ఆ బిళ్లలే తలనొప్పి తెచ్చిపెడతాయట. ఒంటికణత నొప్పి ముందునుంచీ ఉన్నవాళ్లకు మరీ. ఫిల్లరు వల్ల ఎంత, పాత నొప్పి వల్ల ఎంత, బిళ్లల వల్ల ఎంత అని అడిగాను. "హంద్రీ తుంగభద్రలో కలిశాక ఏ నీళ్లు ఎవరివో చెప్పగలమా టీచరమ్మా?" అన్నారు.

బిళ్లలు ఒక్కసారిగా ఆపాను. రాత్రికి ఒక చిన్న మాత్ర మాత్రం ఇచ్చారు, నొప్పి రాకుండా కాచేది. మొదటి తొమ్మిది రోజులు నరకం. వాంతులు, వెలుతురు చూడలేకపోవడం, కారణం లేకుండా కోపం. అప్పటికి మా ఆయనకు అంతా చెప్పేశాను. రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. డబ్బు సంగతి ఎత్తలేదు. "నాతో చెప్పకుండా హైదరాబాద్ పోయి సూది వేయించుకునేంత దిగులు పెట్టుకున్నావా, నేను పక్కనే ఉండి చూడలేదే" అన్నాడు. బిళ్లల డబ్బా బీరువాలో పెట్టి తాళం ఆయన దగ్గరే ఉంచమని నేనే అడిగాను. నాలుగోరాత్రి తాళం ఇమ్మని గొడవపడ్డాను కూడా. ఇవ్వలేదు. తడిగుడ్డ నుదుటి మీద వేసి, లైటు తీసి కూర్చున్నాడు.

అప్పటినుంచి పాత రికార్డు పుస్తకం ఒకటి తలనొప్పికే పెట్టుకున్నాను. జూలైలో 11 రోజులు, ఆగస్టులో 6, సెప్టెంబర్లో 3. ఆ మూడూ నా పాత ఒంటికణత నొప్పులే, ఒక పూట పడుకుంటే పోయేవి. ఎడమ కణత మీద దువ్వెన గట్టిగా తగిలితే ఇంకా కొంచెం తెలుస్తోంది.

షుగర్ ఉన్నవాళ్లకు ఏడాదికోసారి చేసే కంటి పరీక్షకు పోయిన వారం పోయాను. చుక్కలమందు వేసే ముందు అక్కడి అమ్మాయి, ఇరవై మూడో ఇరవై నాలుగో ఏళ్లుంటాయి, ఫారం ముందేసుకుని పాత జబ్బులు, ఆపరేషన్లు అడుగుతూ పోతోంది. మా ఆయన పక్కనే ఉన్నాడు, వెనక బెంచీ మీద ఇంకో నలుగురు కూర్చుని ఉన్నారు. "ఆపరేషన్లు ఏం లేవు" అన్నాను. "జనవరిలో రెండు కణతల్లో ఫిల్లర్ వేయించుకున్నా, హైలురోనిక్ యాసిడ్, ఒక్కో మిల్లీలీటరు. జూన్లో కరిగించినారు. రాసుకోమ్మా." ఆ పిల్ల తలెత్తి ఒకసారి చూసి, స్పెల్లింగ్ అడిగి రాసుకుంది.